తక్కువ దమ్ము తినే బాకా

పానగల్లు
18-11-1957

చిరంజీవి తమ్ముడు వెంకటనర్సుకు, మరదలు రాజమణికి అక్క ఆండాళు కడుపారా దీవించి రాస్తున్నది ఏమంటే,

నీ కార్డు ముట్టింది. పోస్టాయన వాకిట్లో నిలబడి నా పేరు పిలవగానే చేతిలో నూలు కండె వదిలేసి ఉరికాను. కార్డు వచ్చిందంటే ముందు చెడ్డదే తోస్తుంది నాకు. రెండు వైపులా తిప్పి నీ చేతిరాతే అని చూసుకున్నాక గడప మీద కూలబడ్డాను. ఇకమీద మొదటి వరుసలోనే "అక్కా, నేను బాగున్న" అని రాయి. తక్కిన సంగతులు ఆ తరువాత.

నువ్వు ఊదే బాసు బాకాకు గొట్టం చిట్లి గాలి పోతున్నదనీ, మీ బ్యాండు సేటు బక్కయ్య నిన్ను వెంటబెట్టుకొని పట్నం పోయి వేరేది చూస్తాడనీ రాశావు. మంచిది. బస్సులో కిటికీ పక్కన కూర్చోకు. మెడకు గుడ్డ చుట్టుకో. దుకాణంలో ఎవరైనా చాయ్ ఇస్తే కప్పు కడిగిందో లేదో చూసి తాగు. బాకా మాత్రం పెద్దదే తీసుకో. ఇప్పుడున్న దానికంటే చిన్నది వద్దు.

ఎందుకంటే, బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు నీ దగ్గు విన్నాను. నేను వినలేదనుకున్నావు. దొడ్డి వైపు పోయి, నోట్లో తువ్వాల కుక్కుకొని దగ్గావు. మీ బావ దగ్గు ఏండ్ల తరబడి విన్న చెవులివి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని నేసి నేసి, నూలు దుమ్ము మింగి మింగి పోయాడు ఆయన. ఆయన పోయిన ఏడే నిన్ను గుంటలో నుంచి లేపి బ్యాండు మేళంలో పెట్టించాను. బాకా ఊదేవాడి రొమ్ములో దుమ్ము నిలవదు, ఎప్పటికప్పుడు ఎగిరిపోతుంది అని నా నమ్మకం. నీ బాకా ఎంత పెద్దదైతే నాకు అంత ధైర్యం.

ఇంకొకటి. మన ఊరి గొర్లమందల సత్తమ్మ కొడుకు పెండ్లి మాఘంలో. పిల్లది హాలియా. పెండ్లి ఇక్కడే. సత్తమ్మ నిన్న వచ్చి, "ఆండాలమ్మా, నీ తమ్మునిది చాటంత మూతి ఉన్న బాకా గదనే. గది రావాలె. హాలియోళ్లు వాళ్ల బ్యాండు తెస్తున్నరు. ఎదురుకోలుల వాళ్ల దమ్ము తీయాలె" అన్నది. మన వైపు పద్ధతి నీకు తెలిసిందే. ఊరి పొలిమేరలో రెండు బ్యాండ్లు ఎదురెదురుగా నిలబడి ఊదాలి. ఏ పక్షం బ్యాండు ముందు ఆగితే ఆ పక్షం ఏడాది పొడుగునా మాట పడాలి. నేను సరేనన్నాను. అన్న దగ్గరి నుంచి ఏదో తప్పు చేశానేమో అని గుబులుగా ఉంది. నా గుబులు నీకు కొత్తా?

మేక వచ్చి నూలుకు పెట్టే గంజిలో మూతి పెట్టింది. దాన్ని కొట్టి వచ్చే సరికి కలంలో సిరా ఆరింది. ఉంటాను.

నీ ఫికర్లోనే ఉండే
అక్క ఆండాళు


మహబూబ్‌నగర్
3-12-1957

అక్కకు వెంకటనర్సు నమస్కారాలు.

అక్కా, నేను బాగున్న. చూడు, మొదటి వరుసలోనే రాశాను. కప్పు కూడా కడిగించి తాగాను. ఇక అసలు సంగతి చదువు, కానీ నిదానంగా చదువు.

పట్నంలో పాత వాయిద్యాలు అమ్మే దుకాణానికి పోయాం. బ్యాండువాళ్లందరూ ఊదే బాసు బాకాలు గోడకు వరుసగా వేలాడుతున్నాయి. అన్నీ బీ ఫ్లాట్ సుతివి, నాది కూడా అదే. ఒకటి దింపి ఊదాను. పాటలో రెండో చరణం రాకముందే కండ్లకు చీకట్లు కమ్మాయి. ఎడమ రొమ్ములో సూది దిగినట్టయింది. స్టూలు మీద కూర్చుండిపోయాను. బక్కయ్య బీడీ కోసం బయటికి పోయి ఉన్నాడు, చూడలేదు.

మూలన దుమ్ము పట్టి ఇంకొకటి ఉంది. రద్దయిన సిపాయి పల్టను బ్యాండుదట. దుకాణం ఆయన దాన్ని ట్యూబా అన్నాడు, ఎఫ్ సుతిది అన్నాడు. మన దిక్కు ఎవరూ ఆ సుతిలో ఊదరు గనక అడిగేవాడు లేక పడి ఉంది. గొట్టం పొట్టిది. తక్కువ దమ్ము తింటుంది. ఊదితే గొంతు మెత్తగా వచ్చింది. పాట ఆఖరు దాకా ఊదాను అక్కా. దగ్గు రాలేదు.

కష్టమంతా వేళ్లతోనే. పెద్దదాని మీద ఏ మీట నొక్కితే ఏ స్వరమో నా వేళ్లకు తెలుసు, నాకు తెలియదు. దీని మీద అవే మీటలు నొక్కితే వేరే స్వరం పలుకుతుంది. ఈ వయసులో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అడుగు స్వరాలకు పెద్దదానికున్న బలం దీనికి లేదు. అయినా ఇదే కావాలన్నాను. "దీని గొంతు తీపి ఉంది సేటు" అని బక్కయ్యకు చెప్పాను. మా పాతదాన్ని మారకంగా ఇస్తామని మాటయింది. అందాక చిన్నదాన్ని పరీక్షకు తెచ్చుకున్నాం.

నీకు దాచి లాభం లేదు. డాక్టరుకు చూపించుకున్నాను. రొమ్ము మీద గొట్టం పెట్టి విని, ఎడమ తిత్తి చెడిందన్నాడు. "ఊదుడు బంద్ చెయ్యి. లేకుంటే నువ్వే బంద్ అయితవు" అన్నాడు. మందులు తాగుతున్నాను. ఊదుడు బంద్ చేస్తే ఏం చెయ్యాలి? మగ్గం మరిచాను, వేరే పని రాదు. అందుకే ఈ చిన్న బాకా.

సత్తమ్మకు ఏదో ఒకటి చెప్పి ఎదురుకోలు పందెం లేకుండా చూడు. ఊరేగింపులో నెమ్మదిగా ఊదుకుంటూ వస్తాను. రాజమణి నీకు దండాలు చెప్పమన్నది.

నీ తమ్ముడు
వెంకటనర్సు


పానగల్లు
11-12-1957

తమ్ముడు వెంకటనర్సుకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం నాలుగు మార్లు చదివాను. అన్నం సహించలేదు.

డాక్టరు మాట పట్టుకోకు తమ్మీ. మీ బావకు కూడా ఇట్లాగే చెప్పారు. "నేసుడు బంద్ చెయ్యి, మగ్గం దిగు" అన్నారు. అంతదాకా దగ్గుతూనో మూలుగుతూనో నేసినవాడు, డాక్టరు మాట విని మగ్గం దిగాడు. దిగిన తరువాత ఆ చలికాలం దాటలేదు. నేను కండ్లారా చూశాను. ఆడని మగ్గం చూశావు గదా? గుంటలో దుమ్ము పేరుకుంటుంది, నూలు చుట్టే ఆసు బిగుసుకుపోతుంది, మగ్గానికి ఎక్కించిన అల్లు మీద పోగులు వాటంతట అవే తెగుతాయి. రొమ్ము కూడా అంతే. దాన్ని ఆడించాలి. తక్కువ దమ్ము తినే బాకా అంటున్నావు. తక్కువ ఊదితే తక్కువ దమ్ముకే అలవాటు పడుతుంది. ఆ తరువాత ఇంకా తక్కువ. ఆ తరువాత ఏమిటి?

పైగా అది రద్దయిన పల్టనుది అంటున్నావు. అంతకు ముందు ఎవడు ఊదాడో, వాడేమయ్యాడో అడిగావా? ఎవరూ ముట్టకుండా మూలన ఎందుకు పడి ఉందో అడిగావా? అందరూ ఊదేది వదిలిపెట్టి ఎవరికీ అక్కరలేనిది తెచ్చుకోవడం నాకు మంచిగా అనిపించడం లేదు. నలుగురి సుతిలో నువ్వు కలిసి ఉంటేనే నాకు నిమ్మళం.

కోపం చెయ్యకు. నేను బక్కయ్యకు ఒక కార్డు రాసిపెట్టాను. "అయ్యా, పాత బాకా మారకం ఇయ్యవద్దు, టంకం వేయించండి. మా తమ్ముడు డాక్టరు ఏదో అన్నాడని జడుసుకొని చిన్నది అడుగుతున్నాడు, వాని రొమ్ముకు ఏమీ కాలేదు, మా వంశంలో వానిదే గట్టి రొమ్ము" అని రాశాను. నీ మంచికే. రాసి పోస్టు డబ్బాలో వేసి, ఇంటికి వచ్చాక మళ్లీ పోయి డబ్బా చుట్టూ తిరిగాను. వేసింది తియ్యడానికి రాదు గదా.

మిరియాలు, బెల్లం దంచి ఉండలు చేశాను. బస్సు డ్రైవరుతో పంపుతున్నాను. ఊదేముందు ఒకటి, ఊదిన తరువాత ఒకటి.

అక్క ఆండాళు


మహబూబ్‌నగర్
23-12-1957

అక్కకు,

బాగున్నాను. ఉండలు ముట్టాయి. నీ కార్డు బక్కయ్యకు కూడా ముట్టింది.

అక్కా, నేను ఆయనకు డాక్టరు మాట చెప్పలేదు. గొంతు తీపి అని మాత్రమే చెప్పాను. అంతకంటే ఎక్కువ చెప్పకూడదు కనకనే చెప్పలేదు. నువ్వు రొమ్ముకు ఏమీ కాలేదు అని రాశావు. ఏమీ కానివాని రొమ్ము గురించి వాళ్లక్క కార్డెందుకు రాస్తుందని ఆయన నన్నే అడిగాడు. అందరి ముందు అడిగాడు. "దమ్ము లేనోన్ని పెట్టుకొని నేను బ్యాండు నడపాల్నా నర్సూ? పెద్దది ఊదుతవా, జడ్చర్ల నుంచి ఇంకొకన్ని పిలుచుకోవాల్నా?" అన్నాడు. క్లారినెట్ ఊదేవాడు నా పక్కన కూర్చోవడం మానేశాడు. తువ్వాల అడ్డం పెట్టుకొని దూరంగా కూర్చుంటున్నాడు.

పాతదానికి టంకం వేయించాడు. చిన్నది కూడా ఇంకా ఇక్కడే ఉంది, దుకాణం ఆయన వాయిదా ఇచ్చాడు. నీ ఊరి పెండ్లి దాకా రెండూ ఉంచుతానంటున్నాడు బక్కయ్య. ఆ ఎదురుకోలులో చూసి ఏది ఉంచాలో ఎవరిని ఉంచాలో తేలుస్తాడట.

చిన్నదాని మీద వేళ్లు ఇప్పుడిప్పుడే తిరుగుతున్నాయి. మొన్న దేవరకద్రలో మాత్రం ఒక తప్పు జరిగింది. తాళి కట్టే వేళ వేళ్లు మరిచి పాత మీటలు నొక్కాను. మేళమంతా ఒక దిక్కు, నా స్వరం ఒక దిక్కు. పెండ్లికూతురు తల్లి తల ఎత్తి చూసిన చూపు ఇంకా మరువలేదు. ఇంకొక నెల సాధన చేస్తే కుదురుకుంటుంది. కావలసింది ఆ నెల.

సత్తమ్మతో మాట్లాడమన్నాను. ఏం చేశావో రాయలేదు. పందెం ఒక్కటి తప్పించు అక్కా. వేరే ఏమీ అడగను.

వెంకటనర్సు


పానగల్లు
6-1-1958

తమ్ముడికి అక్క దీవించి రాస్తున్నది.

నీ మనసు కష్టపెట్టాను. క్లారినెట్ వాని సంగతి చదివి కొంగు నోట్లో పెట్టుకున్నాను. వాని ఇంట్లో ఒకరికి దగ్గు వస్తే తెలుస్తుంది.

సత్తమ్మ దగ్గరికి పోయాను. గొర్లకు తౌడు కలుపుతున్నది. పోయేటప్పుడు దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. నిజం చెబితే? నీ రొమ్ము సంగతి ఊరంతా పాకుతుంది. శుభకార్యంలోకి రోగిని తెస్తున్నావా అంటారు. నిన్ను పందిట్లో అడుగు పెట్టనియ్యరు. ఇంకెక్కడా పిలవరు. అందుకని నిజం చెప్పలేదు. "పందెం ఎందుకు సత్తమ్మా, రెండు మేళాలు కలిసి ఊదితే సొంపుగ ఉండదా?" అన్నాను.

ఆమె నవ్వింది. "ఆండాలమ్మా, పొట్టేళ్లను కొట్లాటకు తెచ్చి ముద్దు పెట్టుకోమంటవా? పందెం లేని ఎదురుకోలు ఎవడు చూస్తడు?" అన్నది. వాళ్ల ఆడబిడ్డ పక్క నుంచి, "ఏమో వదినే, తమ్మునికి చిన్న బాకా ఇచ్చిన్రట, గా మాట మహబూబ్‌నగర్ల అనుకుంటున్నరు" అని అందుకుంది. "చిన్నదా? మేకపిల్ల గొంతేసుకొని వస్తడా మా పెండ్లికి?" అని సత్తమ్మ చెయ్యి తిప్పింది. కూర్చున్నవాళ్లంతా ఒకటే నవ్వు.

తమ్మీ, నాకు అక్కడ ఏదో ముంచుకొచ్చింది. "ఎవరన్నరు? పెద్దదే తెస్తడు నా తమ్ముడు. హాలియోళ్లు చెవులు మూసుకోవాలె" అనేశాను. ఇంటికి వచ్చి తలుపు వేసుకొని కూర్చున్నాను. కొప్పెర నీళ్లు మరిగి మరిగి ఇంకిపోయినా లేవలేదు.

ఇప్పుడు ఒక్కటే దారి. ఆ ఒక్క సాయంత్రం పెద్దది ఊదు. బక్కయ్య నోరు కూడా మూతపడుతుంది. ఆ తరువాత నీ ఇష్టం, చిన్నదో పొన్నదో నేను మాట్లాడను. నీ రొమ్ము ఓర్చుకుంటుంది. ఓర్చుకోకపోతే నాకు లోపల తెలియదా? ఎంతైనా నేను ఎత్తుకొని పెంచినవాడివి.

రాజమణిని వెంట తీసుకురా. మాఘం చలి ముదిరి ఉంటుంది, ఉన్ని బనీను మరిచిపోకు. గుమ్మం దాటేటప్పుడు తుమ్ము వినబడితే ఆగి నీళ్లు తాగి బయలుదేరు.

అక్క ఆండాళు


పానగల్లు
9-2-1958

తమ్ముడికి,

పెండ్లి అయిపోయి మీ బ్యాండు లారీ ఎక్కి పోయిన దగ్గరి నుంచి నాకు కండ్లు మూతపడటం లేదు. నువ్వు అక్కడ ఉన్నవాడివే, నీకు నేను చెప్పేదేముంది అనుకున్నాను. కానీ నేను చూసింది నువ్వు చూడలేదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు మొదట చిన్నదే భుజానికి ఎత్తావు. దాని గొంతు నాకు మొదటిసారి వినబడింది. మంచి గొంతు తమ్మీ. ఎవరో ఇంటి లోపలి నుంచి పలుకుతున్నట్టు ఉంది. హాలియావాళ్ల బ్యాండు గట్టిగా అందుకోగానే అది మునిగిపోయింది. సత్తమ్మ మనుషులు "మే, మే" అని మేకల్లాగా అరవడం మొదలుపెట్టారు. బక్కయ్య పెద్దదాన్ని బండి మీది నుంచి దింపి నీ కాళ్ల దగ్గర పెట్టాడు. నువ్వు ఆ రెండు బాకాల నడుమ నిలబడి గుంపులో నన్ను వెతికావు. మన చూపులు కలిశాయి. నేను తల ఊపాను. వద్దని అడ్డంగా ఊపలేదు. కానిమ్మని ఊపాను.

ఆ తరువాత నువ్వు ఊదింది ఊరంతా విన్నది. హాలియావాళ్ల పెద్ద బాకా మనిషి తల వంచి బాకా దించాడు. సత్తమ్మ గుప్పిట్లతో పసుపు గాలిలోకి చల్లింది. అందరూ నన్ను భుజం తట్టారు. నేను మాత్రం వింటున్నాను. ప్రతి స్వరం వెనుక ఒక చిన్న సందు వస్తున్నది. మీ బావ ఆఖరి నెలల్లో నేస్తుంటే పోగులు బిగించే పలక కొట్టుకునే చప్పుడులో వచ్చిన సందు అది. ఆ సందు పెరుగుతూ వచ్చింది. నాకు అప్పుడు అర్థమయింది, ఆయన మగ్గం దిగినందుకు పోలేదు. పోతున్నాడు గనకనే దిగాడు.

ఊదడం ఆపాక నువ్వు గుంపులో నుంచి జారి, లారీ వెనక్కి పోయావు. నేను వెంటే వచ్చాను. నువ్వు వంగి మట్టిలో ఉమ్మావు. చెప్పుతో మట్టి కప్పావు. నువ్వు పోయాక నేను ఆ మట్టి తొలగించి చూశాను.

ఇక నాకు ఏ మాటా వద్దు. ఆ చిన్నదాన్నే తీసుకో. నేను అన్న మాట నెరవేరింది, పందెం గెలిచారు, బక్కయ్య ఒప్పుకొని తీరాలి. అది కూడా కొన్నాళ్లు ముట్టకు. ముందు దవాఖానలో పండుకో. వెంటనే జవాబు రాయి.

అక్క ఆండాళు


మహబూబ్‌నగర్
1-3-1958

అక్కకు నమస్కారాలు.

నేను బాగున్న. ఆలస్యమయింది, పని మీద పని. నువ్వు చూసింది తమలపాకు ఎరుపు. పెండ్లివారు ఇచ్చిన తాంబూలం నోట్లో పెట్టుకొనే లారీ దగ్గరికి పోయాను. ఊరికే బెంగపడకు.

మీ ఊరి గెలుపు ఎంత దూరం పోయిందో తెలుసా? వనపర్తి, గద్వాల, నారాయణపేట, అన్ని దిక్కుల నుంచి పిలుపులు. అందరూ ఒకటే మాట, హాలియావాళ్ల నోరు మూయించిన పెద్ద బాకా రావాలట. వైశాఖం దాకా తీరిక లేదు. బక్కయ్య ఇప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చాయ్ తాపిస్తున్నాడు. "నర్సూ, నువ్వే నా బ్యాండు" అంటున్నాడు. చిన్నదాన్ని దుకాణానికి తిప్పి పంపాడు. పోయేముందు ఒక పాట ఊదుకున్నాను. వేళ్లు అప్పటికి పూర్తిగా కుదిరాయి. ఒక్క తప్పు కూడా పోలేదు.

ఈ పున్నమి మరునాడు ఆలంపూర్‌లో పెద్ద పెండ్లి. ఎదురుకోలుకు ఏటి అవతలి కర్నూలు బ్యాండు వస్తున్నది. వాళ్లకు రెండు పెద్ద బాకాలట. మాకు నేనొక్కడిని. చూడాలి.

నువ్వు ఆ రోజు తల ఊపకపోతే ఇదంతా లేదు అక్కా. నువ్వే గెలిపించావు.

వెంకటనర్సు

వదినె గారికి రాజమణి దండాలు. ఆయన కార్డు పోస్టులో వెయ్యమని నాకిచ్చాడు. కొసకు ఇంత జాగా ఉంటే రాస్తున్న. ఆయన తమలపాకు మానేసి ఏడాది దాటింది. రాత్రి గోడకు ఒరిగి కూర్చునే నిద్రపోతున్నడు. మీ మాట ఒక్కటే వింటడు.


పానగల్లు
5-3-1958

వెంకటనర్సూ,

ఈ సారి దీవెనలు తరువాత. కార్డు ఈ పొద్దున ముట్టింది.

చదివిన వెంటనే, సత్తమ్మ వాకిట్లో నలుగురు కూర్చొని ఉండగా పోయి నిలబడ్డాను. "నా తమ్ముని రొమ్ము చెడింది. నెత్తురు కక్కుతున్నడు. మీ పెండ్లికి ముందు నుంచే చెడింది. నేను చెప్పలె" అన్నాను. శుభకార్యంలోకి రోగిని తెచ్చావా అంటుందని చూశాను. "ముందే చెప్పకపోతివి గదనే ఆండాలమ్మా. నా కొడుకు పెండ్లిల మనిషి దమ్ము తీస్తనా నేను?" అని లేచి లోపలికి పోయింది. ఇన్నాళ్లు ఆ ఒక్క మాటకు జడిసి ఎంత చేశాను.

బక్కయ్యకు కూడా రాశాను. ఆయన చదువుతాడో చింపుతాడో. నా కార్డులు ఎప్పుడు సరైన పని చేశాయి గనక. అందుకే ఈసారి కార్డు మీద ఆధారపడటం లేదు. నేనే వస్తున్నాను. నల్లగొండ దాటి ఎన్నడూ ఒంటరిగా పోయినదాన్ని కాదు. పట్నం బస్సు ఎక్కి, కాచిగూడలో రైలు పట్టుకోవాలట. తప్పు బండి ఎక్కుతానేమో, నిద్రలో స్టేషను దాటిపోతుందేమో, అన్ని భయాలూ మూట కట్టుకొనే బయలుదేరుతున్నాను. పున్నమి ఇవాళే. అంటే మీ లారీ ఆలంపూర్‌కు రేపు పొద్దున్నే లేస్తుంది. పోస్టాయన ఈ పూట సంచి కట్టకముందే, ఆలంపూర్ పెండ్లి పందిరికని పైన రాసి, ఇది ఆయన చేతిలో పెడతాను. నేను మహబూబ్‌నగర్‌లో దిగను. నేరుగా ఆలంపూర్ రోడ్డు స్టేషనుకే వస్తాను.

నువ్వు బాకా భుజానికి ఎత్తితే దాని మూతికి ఎదురుగా నిలబడతాను. మేళం ఆగితే ఆగనీ. పెండ్లివారు తిట్టితే నన్ను తిట్టనీ. ఆడది ఎదురుకోలుకు అడ్డం వచ్చిందని వాళ్లు ఎంతకాలమైనా చెప్పుకోనీ. ఎంత పెద్ద బాకా అయినా ముసలిదాన్ని ఊది పడగొట్టలేదు గదా.

ఈ ఉత్తరం ముందు వస్తుందో, నేను ముందు వస్తానో తెలియదు. ఏది ముందు వచ్చినా సరే, బాకా కింద పెట్టు.

అక్క